నన్ను ఏ దీవికి పంపుతారు

ఈ సంగతి ముందే రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చదవడం తొందరగానే వచ్చింది. శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డు మీద పోతుంటే ప్లాట్ల వెంచర్ల బోర్డులు మనిషి ఎత్తు అక్షరాలతో నిలబడి ఉంటాయి. ఆటోలో కూర్చుని వాటిని కూడబలుక్కుంటూ పోతే చాలు, ఒక ఎండాకాలంలో నాకు చదువు వచ్చింది. రాయడం అట్లా రాలేదు. మనసులో మాట ముందు పరుగెత్తేది, చేయి వెనక కుంటుకుంటూ వచ్చేది. ఒక వాక్యం పూర్తిచేసేలోపు తర్వాతిది మరిచిపోయేదాన్ని.

రెండో కారణం, నాకు అక్షరాలు నేర్పింది నా కోడలు. నేను ఏం రాసినా మొదట చదివేది తనే, దిద్దేది తనే. ఇదేమో నేను తనను అనుమానించిన సంగతి. తన చేతికే ఇచ్చి దిద్దించుకుంటూ ఎట్లా రాయను? ఇప్పుడు ఎవరి సాయం లేకుండా రాయగలుగుతున్నాను. తప్పులుంటే ఉండనీ.

మాది శామీర్‌పేట. మా ఇంటాయన వ్యవసాయం నుంచి ప్లాట్ల వ్యాపారంలోకి, అక్కడి నుంచి మండల రాజకీయాల్లోకి వెళ్లిన మనిషి. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, రెండింట్లోనూ అన్నకంటే ముందుంటాడు. మా అబ్బాయి వాళ్లిద్దరి వెంట తిరుగుతూ ఆ పనే నేర్చుకున్నాడు. కోడలిది కృష్ణా జిల్లా. వాళ్ల నాన్న ఉద్యోగం కోసం వచ్చి నాగారంలో ఇల్లు కట్టుకున్నాడు. తను కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. వారంలో సగం రోజులు ఇంట్లో కూర్చునే చేస్తుంది.

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఒక సాయంత్రం తన ఫోన్‌లోని బొమ్మలను టీవీలో కనిపించేట్టు పెట్టింది. నీలిమందు కలిపినట్టున్న సముద్రం, సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లు, మెట్ల మీద పిల్లులు.

"దీన్ని మధ్యధరా సముద్రం అంటారు అత్తయ్యా. నిండా దీవులే. ఈ వేసవి సెలవులకి మనం ఏదో ఒక దీవికి వెళ్దాం. ఏదో మీరే చెప్పండి."

"నేనెందుకు బిడ్డా? మీరిద్దరు పోయి రాండ్రి."

నా మాట పూర్తి కాకముందే మా ఇంటాయన అందుకున్నాడు.

"పోయి రా. ఎన్నడన్న ఇల్లు ఇడిసి కదిలినవా? పది రోజులు గాలి మారుతది."

నేను ఆయన ముఖం వైపు చూశాను. కొమురవెల్లి జాతరకు పోదామంటే డీజిల్ దండగ అన్న మనిషి. మా చెల్లెలింట్లో పెళ్లికి నన్ను రాత్రి ఉండనివ్వకుండా వెనక్కి తీసుకొచ్చిన మనిషి. ఆయన నన్ను సముద్రాలు దాటి పంపుతానంటున్నాడు.

సోఫా అంచున కూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతున్న మరిది తలెత్తాడు.

"దీవంటే సుట్టు నీళ్లేనా బిడ్డా?"

"అవునండీ చిన్నమావయ్యా. ఎటు చూసినా సముద్రమే."

"గదైతే మంచిగుంటది. వదినెకు రెస్టు" అని మళ్లీ సాసర్ నోటికి పెట్టుకున్నాడు.

ఎవరైనా అయితే సంతోషించేవాళ్లు. నాకు మాత్రం భయమేసింది. ఎందుకో చెప్పాలంటే క్యాంపు సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కింద మా సీటు ఆడవాళ్లకు వచ్చిందని మా ఇంటాయన నన్ను మండల పరిషత్తుకు నిలబెట్టాడు. గెలిచింది నేను. కాగితాల మీద వేలిముద్ర నాది. ఊళ్లో జనం 'ఎంపీటీసీ సాబ్' అని పిలిచింది ఆయనను. మండల అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజు వచ్చేలోపు, అవతలి వర్గం వాళ్లు మా సభ్యులను లాక్కోకుండా అందరినీ బస్సెక్కించి సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టుకు తీసుకుపోయారు. మా దగ్గర దాన్నే క్యాంపు అంటారు. దాని గురించి తెలియని వాళ్లు మా మండలంలో లేరు.

క్యాంపులో అన్నీ బాగుంటాయి. అదే దాని లక్షణం. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చేపలు, సాయంత్రం నీళ్లలో ఆటలు. చార్జింగ్ పెడతామని ఫోన్లు తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు. గేటు దగ్గర ఇద్దరు మనుషులు కుర్చీలేసుకుని కూర్చునేవాళ్లు. నడుచుకుంటూ గేటు దాకా పోతే, "ఏం గావాలె అక్కా, మేం తెచ్చిస్తం" అనేవాళ్లు. మాతో వచ్చిన ఒకామె బిడ్డకు జ్వరమని ఏడిస్తే, ఇక్కడ సిగ్నల్ లేదమ్మా అన్నారు. ఆ మాట అన్నవాడి జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తిరిగొచ్చాక చెయ్యెత్తమన్నప్పుడు చెయ్యెత్తాం.

ఇంటికొచ్చిన రెండో రోజు నా పొలం దగ్గరికి పోయాను. పొలం అంచున ఉన్న మోటబావి లేదు. మట్టితో నింపి చదును చేసి ఉంది. "పిల్లలు పడుతరని పూడ్సినం వదినా" అన్నాడు మరిది. ఆ చోటు ఇప్పుడు ఆయన వెంచర్‌లో ఒక ప్లాటు. అప్పటి నుంచి నన్ను ఎవరైనా మంచి చోటుకు తీసుకుపోతామంటే, నేను లేనప్పుడు ఇక్కడ ఏం జరుగుతుందా అని ఆలోచిస్తాను.

ఆ పొలం లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉంది. మా నాయిన పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చిన రెండెకరాలు. మా వైపు ఆడపిల్లకు అట్లా ఇచ్చిన భూమిని అత్తింటివాళ్లు అడగకూడదు, అడిగితే తలవంపులు. మరిది వెంచర్ దానికి ఆనుకునే ఉంది. వెంచర్‌కు దారి చుట్టూ తిరిగి రావాలి. నా పొలంలోంచి నలభై ఫీట్ల రోడ్డు పడితే నేరుగా పెద్ద రోడ్డు ఎక్కొచ్చు. రెండేళ్లు వెంటపడి అడిగారు. నేను ఇవ్వనన్నాను. పోయిన దసరా నుంచి అడగడం మానేశారు. అడిగిన రోజుల్లో నాకు అంత భయం లేదు. మానేశాకే నిద్ర పట్టడం మానేసింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర ఎంతటివాడైనా నిలిచిన పైరు మీదికి మిషన్ ఎక్కించడు. ఎంత గొడవలో ఉన్న భూమి అయినా కోత దాకా ఆగుతారు. పైరును తొక్కించినవాడికి ఊళ్లో ఎవరూ మంచినీళ్లు ఇవ్వరు. ఓట్లు అడుక్కునేవాడికైతే అది మరీ ఆపద. మరిది రానున్న ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. కాబట్టి నా పొలంలో వరి ఉన్నన్ని రోజులు నా పొలం నాది.

ఇక దీవుల పంచాయితీ మొదలైంది. కోడలు రోజుకొకటి చూపించేది. నేను ప్రతి దీవినీ క్యాంపులాగే చూశాను.

ఒకరోజు గ్రీసు దేశం వాళ్ల చిన్న దీవి ఒకటి చూపించింది.

"దీనికి విమానం లేదు అత్తయ్యా. ఓడలోనే వెళ్లాలి. గాలి గట్టిగా వీస్తే ఓడలు కూడా ఆపేస్తారట. ఎంత బాగుంటుందో."

"ఓడ ఆపితే మనమేం చెయ్యాలె?"

"ఇంకో రోజు ఉండిపోవడమే."

"ఉండనంటే?"

"ఉండనంటే ఎలా అత్తయ్యా, ఈదుకుంటూ వస్తారా?"

తను నవ్వింది. నేను నవ్వలేదు.

తర్వాత సైప్రస్. దీవి మధ్యలో ఒక గీత ఉంటుందట, అటువాళ్లు ఇటువాళ్లు భూమి దగ్గర కొట్లాడుకుని విడిపోయారట. "భూమి పంచాయితీ ఉన్నకాడికి నేను రాను" అన్నాను. సిసిలీలో పొగలు కక్కే కొండ ఉందంది. "మనకు ఇక్కడి ఎండ సాలదా?" అన్నాను. క్రీట్ అనే దీవి పెద్దదట. అదొక్కటే కొంచెం నచ్చింది. పెద్దదైతే దాక్కోవడానికైనా చోటుంటుంది. మాల్టా అనే ఇంకో దీవి బొమ్మలు కూడా చూపించింది, దానికి ఊ అనలేదు, ఊహూ అనలేదు.

నా ప్రశ్నలకు కోడలు విసుక్కోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

"హోటల్‌కు గేటుంటదా బిడ్డా?"

"ఉంటుందేమో."

"రాత్రి తాళమేస్తరా?"

"ఎందుకు వేస్తారు?"

"నా ఫోన్ నా దగ్గర్నే ఉంటది గద?"

"మీ ఫోన్ మీ దగ్గర కాక ఎవరి దగ్గర ఉంటుందండీ?"

"పాస్‌పోర్టు?"

"అన్నీ నా బ్యాగులో పెడతాను, పోకుండా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "నాది నా దగ్గర్నే ఉంచుకుంట" అన్నాను.

"నేనొక్కదాన్నే నడుమల వాపస్ రావాల్నంటే ఎట్ల?" అని కూడా అడిగాను.

"మిమ్మల్ని కిడ్నాప్ చేసి తీసుకెళ్తున్నామా ఏంటి అత్తయ్యా?" అంది. అదీ నవ్వుతూనే.

ఆమె నవ్వు మీద కూడా నాకు అనుమానమే. క్యాంపులో గేటు దగ్గరి మనుషులు కూడా నవ్వుతూనే మాట్లాడారు.

ఒకరోజు డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. కింద గేటు దగ్గర మరిది, కోడలు నిలబడి ఉన్నారు. తను ఫోన్ చూపిస్తోంది. ఆయన తల ఊపుతూ ఏదో చెబుతున్నాడు. ఆయన మా కోడలితో ఎప్పుడూ రెండు ముక్కలకు మించి మాట్లాడడు. నేను కిందికి దిగేసరికి మాటలు ఆగిపోయాయి.

"ఏంది ముచ్చట?"

"ఏం లేదు వదినా. మీ కోడలు దీవులు సూపిస్తాంది" అని మరిది బండెక్కాడు.

ఆ రోజు నుంచి కోడలు ఆ గ్రీసు చిన్న దీవిని పట్టుకుంది. మిగతావి చూపించడం తగ్గించింది. 'అత్తయ్యా, అక్కడ ప్రశాంతంగా ఉంటుంది' అంటుంది. 'అత్తయ్యా, అక్కడ కార్లు కూడా తక్కువట' అంటుంది. నాకు పలక మీద చేయి పట్టి దిద్దించిన పిల్ల. తను ఆఫీసు పని మధ్యలో లేచి వచ్చి, నేను రాసినదానికి మెచ్చుకునేది. అదే పిల్ల ఇప్పుడు నన్ను నీళ్ల మధ్య వదలడానికి చోటు వెతుకుతోందా? ఒకరోజు కూర వేస్తున్న తన చేతిని చూస్తూ పళ్లెం కొంచెం పక్కకు జరుపుకున్నాను. పరాయి జిల్లా పిల్ల, మన భూమి మీద దానికేం ప్రేమ ఉంటుంది అనుకున్నాను. మా అబ్బాయి పక్కనే కూర్చుని తింటున్నాడు. వాణ్ణి ఒక్క మాట కూడా అడగాలని తోచలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి లాల్‌గడి మలక్‌పేట్ పోయాను. పొలం పచ్చదనం తగ్గి పసుపు తిరుగుతోంది. గింజ గట్టిపడింది. కౌలుకు చేసే ఆమె గట్టు మీద గడ్డి కోస్తోంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"కోత ఎప్పుడే?"

"ఇంకో పది రోజులు ఆగుదామనుకున్ననక్కా. మీ మరిది ఆగనిస్తలేడు. జల్దీ కోసెయ్యి, గాలివాన వస్తే మొత్తం పడిపోతది అంటాండు. కోత మిషన్ గూడ ఆయన్నే పంపిస్తడంట. పైసలు గూడ అద్దన్నడు."

"ఎవరు? మా మరిదా?"

"నేను గూడ గట్లనే అనుకున్ననక్కా. పోయినేడు మా గొర్రె ఆయన ప్లాట్లకు పోయిందని దండుగ గట్టిచ్చుకున్నడు. గీయేడు మిషనే పంపుతనంటాండు. దేవుడేమన్న కలలకొచ్చిండేమో."

ఆమె నవ్వింది. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. కోడలు చెప్పిన ప్రయాణం మే నెల ఆఖరున. ఇప్పుడు కోస్తే అప్పటికి పొలం ఎండి బీటలు వారి ఉంటుంది. వానలు పడి మళ్లీ నాట్లు వేసేదాకా అందులో ఏమీ ఉండదు. ఆ ఖాళీలోనే నేను దీవిలో ఉంటాను. మరిది ఏం తలపెట్టాడో పూర్తిగా అర్థమైంది. ఇంట్లో ఇంకెవరెవరు ఇందులో ఉన్నారో అర్థం కాలేదు. కోడలు ఉందనే నా మనసు చెప్పింది.

ఆ రోజే రాత్రి అన్నాలప్పుడు అందరూ కలిశారు. మరిది కూడా మా ఇంట్లోనే తిన్నాడు. కోడలు వడ్డించి తనూ కూర్చుంది.

"అత్తయ్యా, ఈ వారంలో వీసాకి పెట్టకపోతే ఇంక కుదరదు. ఇవాళ తేల్చేద్దాం. ఆ గ్రీసు దీవే కదా?"

"కాదు. మాల్టా" అన్నాను.

నిన్నటిదాకా నేను దేనికీ ఊ అనలేదు. అందరూ నా వైపు చూశారు.

"మాల్టా ఎందుకమ్మా?" అన్నాడు అబ్బాయి.

"ఏ మూలకున్నా ఇమానం ఎక్కేకాడికి గంట తొవ్వ గూడ లేదని నీ పెండ్లాం జెప్పింది. ఇంకోటి, అక్కడి పొలాలకు సుట్టు రాతిగోడలున్నయి. బొమ్మల జూసిన. ఎవరిది వాళ్లకు గోడ. నాకు నచ్చింది."

"సరే పో, మాల్టానే" అన్నాడు మా ఇంటాయన, పెద్ద మనసుతో.

"నేనొక్కదాన్నే గాదు. నువ్వు రావాలె. నీ తమ్ముడు గూడ రావాలె. అందరం పోదాం."

మరిది నవ్వాడు. "మేమెందుకు వదినా? మాకు ఆ నీళ్లల్ల ఏం పని?"

"మరి ఈడ ఏం పనుంది?"

నేను కోడలి వైపు తిరిగాను. నా గొంతు నేను అనుకున్నంత మెత్తగా లేదు.

"మే ఆఖరుకే ఎందుకు? జూన్‌ల పోతే ఏమైతది?"

"ఏం కాదత్తయ్యా. నేనసలు జూన్ అనే అనుకున్నాను. చిన్నమావయ్యగారే మే ఆఖరైతే మంచిది, జూన్‌లో మీకు నాట్ల పని ఉంటుందన్నారు. ఆ చిన్న దీవి కూడా ఆయనకే నచ్చింది. ఫోన్లు సరిగ్గా పనిచేయని చోటైతే మీకు విశ్రాంతి అన్నారు."

తను దాచుకోకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ తనకే ఏదో తట్టినట్టు ఆగిపోయింది.

"నాట్లు జులైల గద పడేది. నీకెరక లేదా?" అని మరిదిని అడిగాను. "కోత మిషన్ ఎందుకు పంపిస్తనన్నవ్?"

మా ఇంటాయన అన్నంలో మజ్జిగ కలుపుతున్నాడు. కలిసిపోయిన తర్వాత కూడా కలుపుతూనే ఉన్నాడు. మరిది చేయి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"అరె వదినా, గింత దానికి పరేషాన్ ఎందుకు? పక్కపొంటి నలభై ఫీట్లు. మొరం పోసి రోలర్ తిప్పితే నీ భూమికే రేటొస్తది. నువ్వు అచ్చేటాళ్లకు రోడ్డయిపోయుంటే నువ్వే ఖుష్ అయితవనుకున్నం."

"అనుకున్నమంటే ఎవరెవరు?"

నేను ఇంకా కోడలి వైపే చూస్తున్నాను. తను నా వైపు చూడటం లేదు. పక్కన కూర్చున్న మొగుడి వైపు చూస్తోంది.

"నీకు తెలుసా?" అంది.

మా అబ్బాయి పళ్లెంలోంచి తలెత్తలేదు.

"అమ్మను అడిగితె ఒప్పుకోదని నాయిన అన్నడు. అయినంక మెల్లగ చెప్దమనుకున్నం."

ఎన్ని రోజులుగానో కోడలి మొహంలో వెతికాను. వాడు నా కడుపున పుట్టినవాడు, కాబట్టి వాడి మొహంలోకి చూడనే లేదు. కోపం వెంటనే రాలేదు. చేతిలో ముద్ద ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఇగ తిననియ్యవా?" అన్నాడు మా ఇంటాయన.

"తిను. ఎవరద్దన్నరు? నేను మాల్టాకు పోతున్న. జూన్‌ల పోత. కోత మిషన్ నా పొలంల దిగొద్దు. మనుషులను పెట్టి కోపిస్త."

"కోపిచ్చుకో వదినా" అన్నాడు మరిది, చెప్పులు వేసుకుంటూ. "ఎట్ల కోసినా ఖాళీ అయితది గద."

నవ్వుతూనే అన్నాడు. నేను చూసినన్ని రోజుల్లో ఆయన కోపంతో బెదిరించింది ఎప్పుడూ లేదు.

వంటింట్లో కోడలు గిన్నెలు సర్దుతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"టికెట్లు ఇంకా తీసుకోలేదు అత్తయ్యా. వదిలేద్దాం."

"వదిలేసుడెందుకు? పోదాం."

తను ఒక గిన్నె కడిగి బోర్లించింది.

"మీరు నన్ను అనుమానించారా?"

"అనుమానించిన."

"హోటల్ గేటు గురించి అడిగినప్పుడే నాకు అర్థమవ్వాల్సింది. మీకు వయసు మీద పడి భయమేమో అనుకున్నాను" అంది. నవ్వబోయి ఆపుకుంది. ముక్కు ఎర్రబడింది. నేను క్యాంపు సంగతి, మోటబావి సంగతి చెప్పాను. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఆ సంగతి తనకు ఎవరూ చెప్పలేదట. ఖాళీ పొలమైతే ఎవరైనా దిగుతారని, పైరుంటే దిగరని చెప్పాను.

తను కుళాయి కట్టేసింది.

"మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వరి కోయకముందే అందులో మినుములు చల్లేస్తారు అత్తయ్యా. ఇంకా తడి ఉండగానే. కోత అయ్యేసరికి కింద మొలకలు ఉంటాయి. పొలం ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు."

"కోసేటోళ్లు తొక్కరా?"

"తొక్కుతారు. అయినా లేస్తాయి. చిన్నప్పుడు నేనూ తొక్కాను."

మా దగ్గర అట్లా ఎవరూ చెయ్యరు. వరి వరే, ఆరుతడి ఆరుతడే. నల్లమట్టి నేలల్లో చలికాలం చేసే పని మా ఎర్ర చెలకల్లో ఎండాకాలం పనికొస్తుందా? పైగా, అప్పటికీ నా బుద్ధి మారలేదు, ఈ పిల్ల నా మీద కోపంతో గింజలు దండగ చేయించడానికి చెబుతోందా అని ఒక్క క్షణం అనిపించింది. తన మొహం చూశాను. కళ్లు తుడుచుకుంటూనే వేళ్ల మీద లెక్కపెడుతోంది, ఎన్ని రోజులకు ఎంత ఎత్తు పెరుగుతాయో అని.

"మినుములు ఈ ఎండకు ఆగయి. పెసళ్లైతే ఆగుతయి. బోరు నీళ్లు అప్పుడప్పుడు ఇస్తే జులై దాకా నిలుస్తయి" అన్నాను.

"అయితే పెసలే చల్లుదాం."

"ఈ ముచ్చట నీ మొగనికి చెప్పకు."

"ఇవాళ ఆయనతో మాట్లాడేటట్టు ఉన్నానా నేను?" అంది. "నేనూ వస్తాను మీతో."

ఎందుకు వస్తానంటోందో అని మళ్లీ ఆలోచించబోయి మానుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, మగవాళ్లు లేవకముందు, పోయినేడు మా చేనులో పండి డబ్బాలో ఉన్న పెసలు రెండు సంచుల్లో పోసుకుని ఇద్దరం ఆటో ఎక్కాం. కోడలు ఆఫీసుకు సెలవు పెట్టింది. పొలంలో నీళ్లు తీసేసి ఇంకా ఎన్నో రోజులు కాలేదు, కాలు పెడితే అడుగు ముద్ర పడేంత మెత్తగా ఉంది. కౌలుకు చేసే ఆమె వచ్చి సంచి మూతి విప్పి చూసి, "వరిల పెసళ్లా అక్కా? ఊరంత నవ్వుతరు" అంది. "నవ్వనీ, మొలిచినంక మాట్లాడుదాం" అన్నాను. కోడలు చుడీదార్ మోకాళ్ల దాకా మడుచుకుని, వాళ్ల అమ్మమ్మ ఎట్లా చల్లేదో రెండు పిడికిళ్లు చల్లి చూపించి, అటు చివర నుంచి దిగింది. నేను పెద్ద రోడ్డు వైపు అంచు నుంచి మొదలుపెట్టాను. వరి కంకుల మధ్యలోంచి గింజలు కిందికి జారుతున్న చప్పుడు వింటూ, వాళ్లు రోడ్డు వేద్దామనుకున్న నలభై ఫీట్ల మేర ఒకసారి పోయి, వెనక్కి తిరిగి, అదే చోట రెండోసారి కూడా చల్లాను.